నంబరు ఉండాల్సిన చోట

మా పక్కింటి అన్నయ్యగారు కాలం చేశారు. కిందటి నెలలో ఒక మంగళవారం పొద్దున ఆయన కూతురు వెస్ట్‌మీడ్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. ఊపిరి అందడం లేదని ఆయన్ని అక్కడ చేర్చి అప్పటికి నాలుగు రోజులు. నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. "ఆంటీ, డాడ్ ఈజ్ గాన్" అంది. గాన్ అంటే వెళ్ళారని కదా, ఇంటికి పంపించేశారేమో అనుకుని, "ఈ చలిలోనా? స్వెట్టరు వేశావా అమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల ఏడుపు వినపడింది. అప్పుడు అర్థమైంది నాకు. పాలన్నీ పొంగి పొయ్యి నిండా పారాయి, నేను అట్లాగే నిలబడి ఉన్నాను.

ఆయన గురించి మన సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమన్నప్పుడు, చదువుకున్నవాళ్ళు ఇంతమంది ఉండగా ఐదో తరగతి దాన్ని నేనెందుకు అన్నాను. మళ్ళీ నేనే ఒప్పుకున్నాను. ఎందుకంటే పోయే ముందు రెండేళ్ళుగా పాత కార్ల క్లబ్బు వాళ్ళలో ఆయన మీద ఒక మాట ఉంది. ఇంజను నంబరు మోసం చేయబోయాడని. మీలో కొందరి చెవిన కూడా పడే ఉంటుంది. ఆ పని ఆయన చేయలేదు. చేసింది నేను. ఇది నా చేత్తో నేనే రాస్తే తప్ప నాకు అన్నం సహించదు.

మేము బ్లాక్‌టౌన్ దగ్గర ఈ వీధికి వచ్చిన రెండో రోజు. మా అబ్బాయీ కోడలూ ఆఫీసుకు వెళ్ళారు. ఉన్నట్టుండి గోడలు అదిరేట్టు శబ్దం. గ్యాసు పైపు పేలుతోందో, భూకంపమో తెలియలేదు. పాస్‌పోర్టులున్న సంచీ ఎప్పుడూ తలుపు పక్కనే పెట్టుకుంటాను, దాన్ని పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తాను. పక్కింటి ముందు ముదురాకుపచ్చ కారు, ఇంటికంటే పొడుగ్గా ఉంది. దాని ముందు ఒక పెద్దమనిషి చేతిలో పానాతో నిలబడి నా చీరనీ, సంచీనీ చూశారు.

"ఏందమ్మా, వచ్చి రెండు రోజులు కాలేదు, అప్పుడే ఊరు వదిలి పోతన్నావా?" అన్నారు, అచ్చం మా ఒంగోలు యాసలో.

అంత భయంలోనూ నవ్వొచ్చింది. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్నయ్యగారు, నేను ఆయనకు చెల్లెమ్మ. లోపలి నుంచి వదినగారు వచ్చి కాఫీకి పిలిచారు. ఆవిడా ఇప్పుడు లేరు. ఆయన కంటే మూడేళ్ళ ముందే వెళ్ళిపోయారు.

ఆయన నలభై ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి, రైళ్ళు బాగుచేసే షెడ్డులో ఫిట్టరుగా చేరి, ఇంజనీరై రిటైరయ్యారు. ఆ కారు అమెరికాలో చేసింది. గుర్రంలా దూకే పెద్ద ఇంజను ఉన్న కార్లు అక్కడ ఒకప్పుడు చేసేవారట, అందులో ఒకటి. అక్కడి పద్ధతి ప్రకారం స్టీరింగు ఎడమ వైపు ఉంటుంది. ఒకసారి నన్ను గుడికి తీసుకెళ్ళారు. నేను కుడి వైపు కూర్చున్నాను, అంటే ఇక్కడి కార్లలో డ్రైవరు కూర్చునే చోట. సిగ్నలు దగ్గర పక్క కారులో వాళ్ళు చూస్తే చీర కట్టుకున్న ముసలమ్మ, చేతుల్లో స్టీరింగు లేదు, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది. వాళ్ళు నోరు తెరిచి అట్లాగే చూశారు.

"కాలితో ఏం తొక్కతన్నావమ్మా?" అన్నారు అన్నయ్యగారు.

"బ్రేకు."

"నీ వైపు లేదు."

"లేదని తెలుసు. అయినా తొక్కతన్నా."

"తొక్కు తొక్కు. ఇద్దరం తొక్కితే తొందరగా ఆగుద్ది."

నా భయాన్ని ఆయన ఏనాడూ ఎగతాళి చేయలేదు. దానికీ ఒక సీటు ఇచ్చి కూర్చోబెట్టుకునేవారు. ఆదివారం కారు తీసుకుని క్లబ్బుకు వెళ్ళి తిరిగొచ్చాక, మా ఇంటి ముందు ఒక్కసారి, చిన్నగా హారను కొట్టేవారు. వచ్చేశాను, ఇక కిటికీ వదిలి లోపలికి పో అని దాని అర్థం. ఆయన ఆలస్యమైతే నేను కిటికీ దగ్గరే నిలబడతానని ఆయనకు తెలుసు. కొట్టడం ఒక్క వారం కూడా మరవలేదు.

నా వీసా కాగితాలకు పుట్టిన సర్టిఫికెట్టు అడిగినప్పుడు నేను రెండు రోజులు ఏడ్చాను. మా రోజుల్లో ఊళ్ళో ఎవరు రాశారు? బడిలో చేర్చేటప్పుడు మేస్టారు జూలై ఒకటి అని వేసేశారు, మా క్లాసులో సగం మంది జూలై ఒకటినే పుట్టాం. పంపించేస్తారని భయపడి ఆయన దగ్గరికి పోయాను. ఆయన గ్యారేజీలో ఉన్నారు. కారు బానెట్ ఎత్తి, ఇంజను ముందు భాగంలో అగ్గిపెట్టంత చదునైన చోటు ఒకటి చూపించారు.

"ఇక్కడేం కనపడతంది?"

"ఏం లేదు."

"అదే. ఏం లేదు. ఇక్కడ నంబరు ఉండాల."

అప్పుడు చెప్పారు. ఆ రకం కార్లకు కంపెనీలో ఒక నంబరు వేస్తారట. అదే నంబరు ఇంజను మీదా కొడతారట. రెండూ కలిస్తే అది కారుతో పుట్టిన ఇంజను. కలవకపోతే ఎవరో ఎక్కడిదో తెచ్చి పెట్టారని లెక్క. అట్లాంటి కారుకు ఆ లోకంలో మర్యాద ఉండదు. ఈ కారు కొన్న కొత్తలోనే మొదటి యజమాని దగ్గర ఇంజను పాడైందట. వారంటీ ఉండబట్టి కంపెనీ వాళ్ళే కొత్త ఇంజను ఇచ్చి మార్చారట. అట్లా మార్చడానికి ఇచ్చే ఇంజను మీద నంబరు కొట్టరు, ఆ చోటు ఖాళీగా వదిలేస్తారు. బిగించినవాడు కొట్టాలి. వాడు కొట్టలేదు. ఆ మొదటి యజమానే కారును ఈ దేశం తెచ్చుకున్నాడు. ఆయన పోయాక ఆయన భార్య దగ్గర అన్నయ్యగారు కొన్నారు. మార్చినట్టు రాసిన కాగితం కార్బను నకలు ఒకటి ఆవిడ ఇచ్చింది, అక్షరాలు సగం వెలిసిపోయాయి.

"నంబరు పడనంత మాత్రాన దొంగ సరుకా? కంపెనీ వాళ్ళే ఇచ్చిన గుండె ఇది. నువ్వు కూడా ఇంతేనమ్మా. నంబరు పడలేదు, అసలు సరుకువే."

"నేను చెబితే వాళ్ళు నమ్మొద్దా అన్నయ్యగారూ?"

"నువ్వు పుట్టినప్పుడు చూసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

"మా పెద్దమ్మ కూతురు ఉంది. పురిటి గది గుమ్మంలో కూర్చుందంట, పదేళ్ళప్పుడు."

"ఆమెతో రాయించు. చూసినోళ్ళు చెబితే అదే నంబరు."

మా అక్క ఒంగోల్లో వకీలు దగ్గర కూర్చుని రాయించి వేలిముద్ర వేసింది. ఆ కాగితం ఇక్కడ చెల్లింది. అందుకే ఈ దేశంలో ఉన్నాను. ఆ మాట నాకు ఎంత అవసరం పడుతుందో అప్పుడు తెలియదు.

వదినగారు పోయిన తర్వాత వచ్చిన దసరాకు, "కారుకు పూజ నువ్వే చెయ్యాలమ్మా, ఆమె చేసేది" అన్నారు. ఆయన బానెట్ ఎత్తి పెట్టారు. నేను పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పట్టుకెళ్ళాను. ఇంతలో కూతురు ఫోన్ చేస్తే మాట్లాడుతూ లోపలికి వెళ్ళారు. ఇంజనుకు బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూస్తే ఆ ఖాళీ చోటు కనిపించింది. నంబరు ఎట్లాగూ లేదు, బొట్టన్నా ఉండనీ అనిపించింది. కానీ అక్కడ తుప్పు చుక్కలు, జిడ్డు, సన్నటి గీతలు. మురికి మీద బొట్టు పెడతామా? ఇంట్లోకి పోయి చింతపండు తెచ్చి, రాగి చెంబు తోమినట్టు తోమాను. లొంగలేదు. ఆయన బల్ల మీద ఉప్పుకాగితం ముక్క ఉంది. దాంతో రుద్దాను. చుక్కలు పోయాయి, గీతలు కూడా పోయాయి. గర్వంగా నిలబడ్డాను.

ఆయన వచ్చారు. చూశారు. పక్కనున్న స్టూలు మీద కూర్చుని, వేలితో ఆ చోటు తడిమారు.

"ఎంతసేపు రుద్దావమ్మా?"

"పావుగంట అయి ఉంటది. చింతపండుకు పోలా. ఏమన్నా తప్పు చేశానా?"

"తప్పేముంది. అద్దంలాగుంది."

"ఇంజనుకేమన్నా అవుద్దా?"

"ఇంజను లోపలుంటదమ్మా. నువ్వు రుద్దింది బయట. బొట్టు పెట్టు, మంచి టైము దాటిపోద్ది."

నా సంగతి తెలుసు కదా, ఆ సాయంత్రం ఇంకో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ అదే చెప్పారు, ఒకే గొంతుతో. ఆ బొట్టు తుడవలేదు. వేడికి నల్లబడితే, మరుసటి దసరాకు మళ్ళీ పెట్టించుకున్నారు. ఉప్పుకాగితం మాత్రం బల్ల మీద మళ్ళీ కనపడలేదు.

మొదటి దసరా అయిన నెలకు క్లబ్బు తరఫున కార్లు పరీక్షించే ఆయన వచ్చి వెళ్ళారు. ఇది కంపెనీ మార్చిన ఇంజనే అని క్లబ్బు పుస్తకంలో రాయించుకోవాలని అన్నయ్యగారికి ఎన్నాళ్ళుగానో కోరిక. "ఏమన్నాడు?" అని గోడ మీద నుంచి అడిగాను. "ఇంజను బాగుందన్నాడమ్మా" అన్నారు. నేను సంతోషంతో బొబ్బట్లు చేసి పట్టుకెళ్ళాను. రెండు తిన్నారు. ఆ తర్వాత ఆదివారాలు క్లబ్బుకు పోవడం మానేశారు. ఎందుకని అడిగితే మోకాళ్ళ నొప్పులన్నారు. నేను ఇండియా నుంచి మోకాళ్ళకు నూనె తెప్పించి ఇచ్చాను. రాస్తున్నారా అని రోజూ అడిగేదాన్ని. రాస్తన్నానమ్మా, హాయిగా ఉంది అనేవారు. ఆదివారం హారను మాత్రం మానలేదు. వీధి చివరిదాకా పోయి, తిరిగొచ్చి కొట్టేవారు.

ఆయన పోయిన పదో రోజు ఇల్లు సర్దడానికి కూతురికి సాయం వెళ్ళాను. గ్యారేజీ అలమారాలో నాలుగు నూనె సీసాలు వరసగా ఉన్నాయి. మూతల మీద సీలు కూడా తీయలేదు. నేను వాటిని చూస్తూ ఉండగానే ఆ పిల్ల ఒక ఫైలు తెచ్చి కూర్చుంది. క్లబ్బు ఆయన రాసి ఇచ్చిన కాగితం అందులో ఉంది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది గానీ మాట సగం ఇంగ్లీషు. కష్టపడి నాకు చెప్పింది. నంబరు ఉండాల్సిన చోటును ఈ మధ్యే ఎవరో గరుకైన దేంతోనో రుద్దారు. అడిగితే యజమాని తానే శుభ్రం చేశానన్నాడు, ఎందుకో చెప్పలేదు. కాబట్టి ఇంజను ఎక్కడిదో నిర్ధారించలేము. ఎర్రటి పదార్థం ఏదో అంటి ఉంది, ఏమిటో తెలియదు.

"రుద్దితే ఏమవుద్ది అమ్మా?" అన్నాను.

"ఆంటీ, కంపెనీలో ఆ ప్లేస్ ఫ్లాట్‌గా కట్ చేసినప్పుడు చిన్న చిన్న లైన్స్ పడతాయి. లైన్స్ ఉంటే ఎవరూ టచ్ చెయ్యలేదని ప్రూఫ్. ఫేక్ నంబర్ కొట్టేవాళ్ళు ముందు రబ్ చేస్తారు. సో క్లబ్‌లో అందరూ అనుకున్నారు, డాడ్ ఫేక్ చెయ్యడానికి రెడీ అవుతున్నారని. ఫ్యూనరల్‌కి క్లబ్ నుంచి ఒక్కళ్ళే వచ్చారు, సీ?" అని కళ్ళు తుడుచుకుంది. "బట్ డాడ్ అలా చెయ్యరు. నెవర్. చిన్నప్పుడు నేను తడి క్లాత్‌తో తుడిస్తేనే తిట్టేవారు."

"ఆ ఎర్రది కుంకుమ" అన్నాను.

"వాట్?"

"దసరాకు నేనే పెట్టా. రుద్దింది కూడా నేనే. ఉప్పుకాగితంతో."

ఆ పిల్ల నా వంక చూసింది, కాగితం వంక చూసింది. ఏమిటో తెలియని ఎర్రటి పదార్థం అన్న వాక్యం మళ్ళీ చదువుకుంది. ఉన్నట్టుండి నవ్వు మొదలుపెట్టింది. తండ్రి పోయాక అదే మొదటి నవ్వు. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టుకుంది. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు.

"మరి నాతో ఎందుకు చెప్పలేదమ్మా ఆయన? రెండేళ్ళు."

"యూ నో వై, ఆంటీ. చెబితే మీరు పడుకోరు. దట్స్ వై."

ఆయన తిన్న రెండు బొబ్బట్లు గుర్తొచ్చాయి. అబద్ధం చెప్పి, దానికి నేను చేసిన తీపి కూడా తిని, మోకాళ్ళ నొప్పులని కుంటుతూ నడిచి చూపించారు నాకు. నన్ను నిద్రపోనివ్వడానికి తన మంచి పేరు పోగొట్టుకున్నారు.

క్లబ్బుకు ఇదంతా రాసి ఇవ్వాలంటే స్టాట్ డెక్ అని ఒక కాగితం ఉంటుందట. చెప్పినది నిజమని ఒట్టు పెట్టి సంతకం చేయాలి, అబద్ధమైతే శిక్ష. శిక్ష అంటే జైలేనా అని ఇంటికి పోయి అబ్బాయిని అడిగాను. మా అబ్బాయి, "ఎందుకమ్మా నీకు, ఆయన పోయారు, ఆ క్లబ్బు వాళ్ళతో మనకేం పని" అన్నాడు. నా మంచికే అన్నాడు. మూడు రోజులు తిండి తినలేదు. పోలీసులు వస్తారేమో, వీసా తీసేస్తారేమో, కారు పాడు చేశానని కేసు పెడతారేమో. నాలుగో రోజు పొద్దున పాస్‌పోర్టుల సంచీలోంచి మా అక్క వేలిముద్ర కాగితం తీసి చూసుకున్నాను. తన జన్మలో కోర్టు గుమ్మం తొక్కని మనిషి. నా కోసం వేసింది. మా అబ్బాయితో, "పద, ఎక్కడ చేయాలో తీసుకుపో" అన్నాను.

బ్లాక్‌టౌన్‌లో షాపుల మధ్య ఒక బల్ల వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుంటుంది, జేపీ అంటారు, కాగితాలకు సాక్షి సంతకం పెట్టడానికి. నేను తెలుగులో సంతకం చేస్తే చెల్లుతుందా అని అబ్బాయితో రెండుసార్లు అడిగించాను. ఆవిడ నా చేయి తట్టి, మీ సంతకం ఏ భాషలో ఉంటే అదే మీ సంతకం అందట. తెలుగులోనే పెట్టాను.

తర్వాతి శనివారం క్లబ్బు ఆయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. కాగితం చదివి, ఆ పిల్లతో ముందు ఒక ప్రశ్న నన్ను అడిగించారు. రుద్దక ముందు అక్కడ ఏం చూశారు అని.

తుప్పు చుక్కలు, జిడ్డు, గీతలు అన్నాను. ఎట్లాంటి గీతలు అన్నారు. నోటితో చెప్పడం నాకు చేతకాదు. పెన్సిలు అడిగి, కాగితం వెనక గీసి చూపించాను. ముగ్గులు వేసిన చేయి కదా, ఒకసారి చూసిన గీత మరిచిపోను. తడి తలను సన్న పళ్ళ దువ్వెనతో దువ్వితే పడతాయే, అట్లా. అన్నీ ఒకే వైపు. అడ్డంగా కాదు, కారు ముక్కు దగ్గర నుంచి వెనక్కి. ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో కూడా చూపించాను.

ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. ఆ పిల్లను ఇంగ్లీషులో ఏదో అడిగారు. గీతలు ఏ వైపు ఉండాలో ఈవిడకు ఎవరన్నా చెప్పారా అని అట. "లేదు, రిపోర్ట్‌లో కూడా లేదు, నాకే తెలీదు" అంది ఆ పిల్ల. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నెమ్మదిగా అన్న మాట ఆ పిల్ల నాకు చెప్పింది. ఎందుకు రుద్దావని రెండుసార్లు అడిగాను, మూడోసారి కూడా అడిగి ఉండాల్సింది అన్నారట.

క్లబ్బు పుస్తకంలో ఇప్పుడు వేరే మాట ఉంది. వారంటీ కింద కంపెనీ మార్చిన ఇంజను, ఆధారం పాత కాగితం నకలు, చూసిన మనిషి సాక్ష్యం అని. పాత మాట కొట్టేసి, రుద్దింది యజమాని కాదు అని కూడా రాశారు. ఆ వాక్యం ఆ పిల్లతో మూడుసార్లు చదివించుకున్నాను. చూసినోళ్ళు చెబితే అదే నంబరు. అన్నయ్యగారూ, చెప్పాను. కాస్త ఆలస్యమైంది.

పుస్తకంలో పెట్టడానికి ఆ చోటును ఫోటో తీయాలన్నారు. ఆయన జేబులోంచి గుడ్డ తీసి బొట్టు తుడవబోయారు. "నో, లీవ్ ఇట్" అంది ఆ పిల్ల. ఆయన గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, అట్లాగే తీశారు.

ఆ ఫోటో ఒకటి నాకూ ఇచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని కిటికీ వెలుతురులో చూశాను. ఇనుము నున్నగా ఉంది, నేను రుద్దిన నునుపే. దాని మధ్యన, నంబరు ఉండాల్సిన చోట, నల్లబడిన బొట్టు. ఆ బొట్టులో సన్నటి గీతలు, దగ్గర దగ్గరగా. ఒక్క క్షణం ఇంజను గీతలే తిరిగి వచ్చాయనుకున్నాను. కావు. అవి నా వేలివి.